రెసిన్ కలపడానికి ఏ డిజిటల్ స్కేల్ కొనాలి? అక్క పెళ్లి దండ నేర్పిన లెక్కలు

మా అక్క పెళ్లయిన మర్నాడు అమ్మ పెళ్లి దండ నా చేతికిచ్చి, “ఏదో చేస్తానన్నావు కదరా, వాడిపోకముందే చూడు” అంది. నేను చేస్తానన్నది రెసిన్ ఫ్రేమ్. పూలను ఆరబెట్టి, పారదర్శకంగా గట్టిపడే ఎపాక్సీ రెసిన్‌లో శాశ్వతంగా ఉంచేయడం. బయట చేయిస్తే వేలల్లో అడుగుతున్నారు. మనం ఇంజినీర్లం, రెండు ద్రవాలు కలపలేమా అనుకున్నా.

కలపలేకపోయాను. కారణం రెసిన్ కాదు, పూలు కాదు. వంటింట్లోంచి తెచ్చుకున్న డిజిటల్ స్కేల్, దాని మీద నాకున్న గుడ్డి నమ్మకం. ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ నానోమీటర్ల దాకా చూసే మనం, స్కేల్ దగ్గరికి వచ్చేసరికి “అంకెలు వస్తున్నాయిగా, చాల్లే” అనుకుంటాం. ఇంట్లో ఏ ద్రవాలు కలపాలన్నా, అంటే రెసిన్, పెర్ఫ్యూమ్, సోప్, క్యాండిల్ ఏదైనా, స్కేల్ ఎలా ఎంచుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

అసలేం జరిగింది?

గులాబీలు, లిల్లీలు వారం పాటు సిలికా జెల్‌లో పెట్టి ఆరబెట్టాను. 8 అంగుళాల గుండ్రటి సిలికాన్ మౌల్డ్ తీసుకున్నాను. నేను కొన్న రెసిన్ సీసా మీద “బరువు ప్రకారం 3:1” అని ఉంది. అంటే 3 వంతుల రెసిన్‌కి 1 వంతు హార్డెనర్.

మొదటి లేయర్ 150 గ్రాముల రెసిన్, 50 గ్రాముల హార్డెనర్. అద్భుతంగా గట్టిపడింది. రెండో లేయర్ కూడా అంతే. పూలు చక్కగా లోపల కూర్చున్నాయి. పైన విడి రేకులు చల్లి, వాటిని కప్పేలా పల్చటి మూడో లేయర్ వేయాలి. దానికి 36 గ్రాముల రెసిన్, 12 గ్రాముల హార్డెనర్ చాలు.

హార్డెనర్ సన్నగా పోస్తున్నాను. స్కేల్ మీద 6... 7... 8 వచ్చిందో లేదో, డిస్‌ప్లే ఆఫ్. ఆటో పవర్ ఆఫ్! మళ్లీ ఆన్ చేస్తే కప్పు పైనే ఉంది కాబట్టి సున్నా చూపించింది. “8 వచ్చినట్టుంది, ఇంకో 4 పోస్తే సరి” అనుకుని పోసేశా.

మర్నాడు చూస్తే పైలేయర్ జిగురు జిగురుగా ఉంది. రెండో రోజూ అంతే. నాలుగో రోజు వేలు పెడితే ముద్ర పడింది. అక్క ఫోన్ చేసి “ఫోటో పెట్టరా” అంటుంటే, ఆఫీసులో పని ఎక్కువగా ఉందని అబద్ధం చెప్పాను.

తూకం ఎందుకంత ముఖ్యం?

టీలో చక్కెర కాస్త ఎక్కువైతే తియ్యగా ఉంటుంది, అంతే. ఎపాక్సీ అలా కాదు. రెసిన్ అణువులు, హార్డెనర్ అణువులు జతకట్టి వలలా అల్లుకుంటేనే గట్టిపడుతుంది. ఏది మిగిలినా దానికి జత దొరకదు. అది ఆరిపోయేది కూడా కాదు, లోపలే జిగురుగా ఉండిపోతుంది. ఎన్ని రోజులు ఎదురుచూసినా మారదు.

“మరి కొలత కప్పుతో మి.లీ.ల్లో కొలవొచ్చుగా” అంటారేమో. కొన్ని రెసిన్లకు కొలవొచ్చు. కానీ సీసా మీద నిష్పత్తి బరువులో ఇచ్చారా, పరిమాణంలో ఇచ్చారా అన్నది ముందు చూడాలి, ఎందుకంటే రెండింటి సాంద్రత ఒకటి కాదు. ఉదాహరణకి రెసిన్ మి.లీ.కి 1.10 గ్రాములు, హార్డెనర్ 0.95 గ్రాములు అనుకుందాం. పరిమాణంలో 2:1 అంటే బరువులో 100కి 43. దాన్ని మనం బరువే అనుకుని 100కి 50 పోస్తే, హార్డెనర్ దాదాపు 16 శాతం ఎక్కువైపోతుంది. సీసా మీద ఒక్క పదం చదవకపోతే ఇంత తేడా!

స్కేల్ కోసం నెట్‌లో వెతికితే నాకు ముందు దొరికినవి రెసిన్ వాళ్ల సలహాలు కాదు, విదేశాల్లో ఇంట్లోనే వేపింగ్ లిక్విడ్ కలుపుకునేవాళ్లవి. మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధించింది, కాబట్టి ఆ జోలికి మనం పోవట్లేదు. కానీ వాళ్ల అలవాటొకటి ఏ మిక్సింగ్‌కైనా పనికొస్తుంది. సిరంజీలతో మి.లీ.లు కొలవడం మానేసి, ఒకే సీసాని స్కేల్ మీద పెట్టి అన్నీ గ్రాముల్లోనే పోస్తారు. ఎందుకంటే మి.లీ. గ్లిజరిన్ 1.26 గ్రాములు, ప్రొపిలీన్ గ్లైకాల్ 1.04 గ్రాములు, ఆల్కహాల్ అయితే 0.79 గ్రాములే. పైగా చిక్కటి ద్రవం సగం సిరంజీ గోడలకే అంటుకుంటుంది. స్కేల్‌కి ఆ బాధ లేదు. కప్పులో పడిందే లెక్క.

డిస్‌ప్లేలో పాయింట్లు చూసి మోసపోకండి

ఇక్కడే అందరూ పొరపడేది. స్పెక్స్‌లో “0.01 గ్రా.” అని ఉంటే, అది 0.01 గ్రాము వరకు కరెక్టుగా తూస్తుందని అర్థం కాదు. 0.01 చొప్పున అంకెలు మార్చి చూపిస్తుందని మాత్రమే. మొదటిది యాక్యురసీ, రెండోది రిజల్యూషన్. ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్స్‌కీ ఫోటో క్వాలిటీకీ ఉన్నంత తేడా.

లోపల ఏముందో చూస్తే అర్థమవుతుంది. పైన బరువు పెడితే లోడ్ సెల్ అనే లోహపు కడ్డీ కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌ల రెసిస్టెన్స్ మారుతుంది. వీట్‌స్టోన్ బ్రిడ్జ్ ఆ మార్పుని చిన్న వోల్టేజ్‌గా ఇస్తే, ఏడీసీ దాన్ని అంకెగా మారుస్తుంది. బీటెక్‌లో ఆర్డుయినోతో వెయింగ్ మెషీన్ ప్రాజెక్టు చేసినవాళ్లకి హెచ్‌ఎక్స్711 గుర్తుండే ఉంటుంది. అది 24 బిట్ చిప్, అంటే పేరుకి కోటీ 67 లక్షల మెట్లు. కానీ సీరియల్ మానిటర్‌లో చివరి అంకెలు ఎప్పుడైనా నిలబడ్డాయా? ఏమీ పెట్టకపోయినా గెంతుతూనే ఉంటాయి. మార్కెట్లో కొన్న స్కేల్‌లోనూ అదే గోల ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ పెట్టి దాన్ని మనకి కనిపించనివ్వరు, అంతే.

ఇంకో లెక్క చూడండి. తూకం యంత్రాలకి ఓఐఎంఎల్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణాలున్నాయి. మామూలు వ్యాపారానికి వాడే క్లాస్ 3 యంత్రానికి గరిష్ఠంగా 10,000 విభాగాలే ఒప్పుకుంటారు. అంతకంటే సూక్ష్మమైన క్లాస్ 2కి లక్ష వరకు. ఇప్పుడు “500 గ్రా. / 0.01 గ్రా.” అని రాసి ఉన్న పాకెట్ స్కేల్ తీసుకోండి. 500ని 0.01తో భాగిస్తే 50,000 విభాగాలు. అంటే నాలుగైదు వందల రూపాయల ప్లాస్టిక్ డబ్బా తనని తాను క్లాస్ 2 స్థాయి అని చెప్పుకుంటోంది! అందుకే చివరి అంకెని సమాచారంగా తీసుకోకండి. 0.01 స్కేల్‌ని 0.03 వరకు నమ్మండి, చాలు.

మీకెంత రిజల్యూషన్ కావాలి?

సింపుల్ లెక్క. మీరు తూచే వాటిలో అతి తక్కువ బరువున్నదాన్ని 100తో భాగించండి. వచ్చిన దానికి దగ్గరి రిజల్యూషన్ ఉంటే తప్పు దాదాపు 1 శాతం దగ్గర ఆగుతుంది.

నా విషయంలో 50 గ్రాముల హార్డెనర్‌కి 0.5 గ్రాము కావాలి. నా దగ్గరున్నది 1 గ్రాము స్కేల్, అయినా 2 శాతం తేడాతో బతికిపోయాను. 12 గ్రాముల దగ్గర 0.1 కావాలి. 1 గ్రాము స్కేల్‌తో అక్కడ ఆఫ్ అవ్వకపోయినా 8 శాతం వరకు తప్పు వచ్చేది. అంటే మొదటి రెండు లేయర్లు బాగా రావడం నా గొప్పతనం కాదు, పరిమాణం ఎక్కువ ఉండటం. ఈ విషయం తెలియక అదే స్కేల్‌ని మూడోసారి కూడా నమ్మాను.

రెసిన్‌లో రంగు పొడి 0.5 గ్రాము, పెర్ఫ్యూమ్‌లో ఒక సువాసన నూనె 0.8 గ్రాము ఇలా వేయాలంటే 0.01 స్కేల్ తప్పదు. నీటి చుక్క ఒకటి సుమారు 0.05 గ్రాము ఉంటుంది. 0.1 స్కేల్‌కి ఒక్క చుక్క కనిపించదు.

కెపాసిటీ కూడా చూడాలి. 200 గ్రాముల పాకెట్ స్కేల్ మీద 180 గ్రాముల గాజు సీసా పెడితే పోయడానికి మిగిలేది 20 గ్రాములే. టేర్ నొక్కితే అంకె సున్నా అవుతుంది గానీ లోడ్ సెల్ మీద బరువు తగ్గదు. పరిమితి దాటితే కడ్డీ శాశ్వతంగా వంగిపోవచ్చు. అందుకే చిన్న స్కేల్ మీద పేపర్ కప్పు గానీ సిలికాన్ కప్పు గానీ వాడండి.

స్పెక్ షీట్‌లో దొరకని నాలుగు విషయాలు

1. ఆటో పవర్ ఆఫ్: ఇదే నన్ను ముంచింది. కొన్ని స్కేళ్లు నిమిషంలో, కొన్ని రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతాయి. బ్యాటరీ ఆదా కోసమే, కానీ సన్నగా పోసేవాళ్లకి శత్రువు. కొన్నింట్లో బటన్ కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే దీన్ని ఆపేయొచ్చు. రివ్యూల్లో స్టార్లు కాదు, ఎన్ని నిమిషాలకి ఆగుతుందో రాసినవాళ్ల కోసం వెతకండి.

2. జీరో ట్రాకింగ్: ఉష్ణోగ్రత మారితే స్కేల్ సున్నా మెల్లగా జరుగుతుంది. దాన్ని దాచడానికి సాఫ్ట్‌వేర్ సున్నా దగ్గర చిన్న చిన్న మార్పుల్ని మింగేస్తుంది. ఇబ్బంది ఏంటంటే, మీరు చుక్కలు చుక్కలుగా పోస్తే వాటినీ డ్రిఫ్ట్ అనుకుని మింగేస్తుంది. నా కొత్త పాకెట్ స్కేల్ మీద టేర్ చేసి నెమ్మదిగా 20 చుక్కల నీళ్లు వేస్తే 0.71 చూపించింది. ముందుగా ఒక నాణెం పెట్టి, అంకె సున్నా దగ్గర లేకుండా చేసి మళ్లీ 20 చుక్కలు వేస్తే 0.98 పెరిగింది. పరిష్కారం కూడా అదే. చుక్కలు వేసేటప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టకండి.

3. కప్పు కింద డిస్‌ప్లే: పాకెట్ స్కేల్ ప్లేట్ మన అరచేతి కంటే చిన్నది. వెడల్పు కప్పు పెడితే అంకెలు కనిపించవు. కింద చిన్న మూతలాంటిది పెట్టి ఎత్తు పెంచుకోవాలి.

4. యూనిట్ బటన్: గ్రాములు, ఔన్సులు, క్యారట్లు అన్నీ ఒకే బటన్ మీద ఉంటాయి. టేర్ అనుకుని దాన్ని నొక్కితే లెక్కంతా పోతుంది. పోసే ముందు అంకె పక్కన ఏ యూనిట్ ఉందో ఒకసారి చూసుకోండి.

డెలివరీ రాగానే ఈ టెస్టులు చేయండి

క్యాలిబ్రేషన్ వెయిట్ లేకపోతే జేబులో నాణేలు చాలు. ₹ గుర్తుతో 2011లో వచ్చిన సిరీస్‌లో 5 రూపాయల నాణెం 6 గ్రాములు, 10 రూపాయలది 7.71 గ్రాములు. 2019 సిరీస్‌లో 5 రూపాయలది 6.74 గ్రాములు, 12 అంచులున్న 20 రూపాయల నాణెం 8.54 గ్రాములు. అరిగిన వాటిలో కాస్త తేడా ఉంటుంది, అందుకే కొత్తగా మెరుస్తున్నవి తీసుకోండి. ఇవి చెక్ చేయడానికే, క్యాలిబ్రేట్ చేయడానికి కాదు.

ముందు స్కేల్ ఆన్ చేసి ఐదు నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్, ఏసీ గాలి తగలకూడదు. మా పీజీ రూమ్‌లో ఫ్యాన్ 5 మీద ఉంటే 0.01 స్కేల్ ఒక్క క్షణం నిలబడలేదు.

ఒకే నాణేన్ని పదిసార్లు తీసి పెట్టండి. ప్రతిసారీ దాదాపు ఒకే అంకె రావాలి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన టెస్టు. తర్వాత అదే నాణేన్ని ప్లేట్ మధ్యలో, నాలుగు మూలల్లో పెట్టి చూడండి. మూలల్లో బాగా తేడా వస్తే రిటర్న్ చేసేయండి. చివరగా ఒకటి, రెండు, ఐదు, పది నాణేలు పెట్టి, అంకె అదే వరుసలో పెరుగుతోందా చూడండి.

100 గ్రాములు పెడితే 99.9 చూపిస్తే కంగారుపడాలా? మిక్సింగ్‌కి అక్కర్లేదు. భూమ్యాకర్షణ భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. ఎక్కడో క్యాలిబ్రేట్ చేసిన స్కేల్ హైదరాబాద్‌లో కొంచెం తేడా చూపించడం సహజం. కానీ ఆ తేడా రెసిన్‌కీ హార్డెనర్‌కీ ఒకే శాతంలో ఉంటుంది, కాబట్టి నిష్పత్తిలో కొట్టుకుపోతుంది. రిజల్యూషన్ చాలకపోవడం, సున్నా జరగడం, తూచిన ప్రతిసారీ వేరే అంకె రావడం మాత్రం కొట్టుకుపోవు. స్కేల్‌ని తిరస్కరించాల్సింది వీటి మీదే.

ఏది కొనాలి?

నా సలహా సూటిగా చెప్తాను.

రెసిన్, క్యాండిల్, సోప్ చేసేవాళ్లకి: 2 లేదా 3 కిలోల కెపాసిటీ, 0.1 గ్రా. రిజల్యూషన్ ఉన్న కాఫీ స్కేల్. ఇవి సన్నటి ధారగా నీళ్లు పోస్తూ తూచడానికే తయారైనవి. అందుకే అంకె త్వరగా మారుతుంది, డిస్‌ప్లే ముందు వైపు ఉంటుంది, టైమర్ ఉంటుంది. నాది రూ.1,299, టైప్-సి ఛార్జింగ్. టైమర్ నడుస్తున్నంతసేపు ఆఫ్ అవ్వదు. నాకు ఆ ఒక్క ఫీచర్ చాలు.

పెర్ఫ్యూమ్, రంగు పొడులు, చుక్కల్లో కలిపేవాళ్లకి: 200 గ్రా. / 0.01 గ్రా. పాకెట్ స్కేల్, రూ.449కి తీసుకున్నా. 500 గ్రాములది కంటే 200 గ్రాములది మేలు, పైన చెప్పిన విభాగాల లెక్క ప్రకారం దాని గొప్పలు కాస్త తక్కువ. బాక్సులో వెయిట్ ఇవ్వకపోతే 100 గ్రాముల ఎం1 క్లాస్ వెయిట్ కొనండి. దానికి అనుమతించే తేడా 5 మిల్లీగ్రాములే, ఈ స్కేల్‌కి సరిపోతుంది.

కొనకూడనిది: 10 కిలోలు / 1 గ్రాము కిచెన్ స్కేల్. ఉప్మా రవ్వకి ఓకే. 50 గ్రాముల లోపు మిక్సింగ్‌కి వద్దు.

ఒక హెచ్చరిక. మీరు తయారుచేసింది తూకం లెక్కన అమ్మాలనుకుంటే ఈ స్కేళ్లేవీ పనికిరావు. వ్యాపారానికి వాడే యంత్రానికి లీగల్ మెట్రాలజీ వాళ్ల తనిఖీ, ముద్ర ఉండాలి.

కలిపేటప్పుడు రాసుకోవాల్సిన ఒక్క అంకె

కొత్త స్కేల్ కొన్నాక తెలిసింది, ఆ రోజు పాత స్కేల్‌తో కూడా నేను బయటపడగలిగేవాణ్ణని. ఆఫ్ అయి మళ్లీ ఆన్ అయినప్పుడు కప్పుతో సహా సున్నా చూపించింది కదా? ఆ కప్పుని పైకెత్తితే స్కేల్ మైనస్ అంకె చూపిస్తుంది. అదే మొత్తం బరువు. ఖాళీ కప్పు 5 గ్రాములు, రెసిన్ 36, కలిపి 41. మైనస్ 47 చూపిస్తే హార్డెనర్ 6 పడిందని, 49 చూపిస్తే 8 పడిందని తెలిసిపోయేది. ఒక గ్రాము అటూ ఇటూ అయినా, గుడ్డిగా పోయడం కంటే వెయ్యి రెట్లు నయం.

కానీ ఖాళీ కప్పు బరువు నేను రాసుకోలేదు. టేర్ ఉంది కదా, ఎందుకు అనుకున్నా. సేవ్ చేయకుండా కోడ్ రాసినట్టే. ఇప్పుడు ప్రతి కప్పు మీద మార్కర్‌తో దాని బరువు రాసి పెడుతున్నాను. ఇంకో ఉపయోగం: హార్డెనర్ అర గ్రాము ఎక్కువ పడితే 3:1 లెక్కన ఒకటిన్నర గ్రాము రెసిన్ కలిపి సరిచేయొచ్చు. ఎంత ఎక్కువ పడిందో తెలిస్తేనే అది కుదురుతుంది. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తీసి పెట్టండి. ఎపాక్సీ చర్మానికి ఎలర్జీ తెప్పిస్తుంది.

అక్క దండ ఏమైంది?

జిగురుగా ఉన్న పైలేయర్‌ని గీరి తీసేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. దానితోపాటు పైన చల్లిన రేకులన్నీ ఊడొచ్చాయి. బావ దండలోంచి అక్క స్వయంగా ఏరి ఇచ్చిన ఎర్ర రేకులవి. కింది రెండు లేయర్లలో ఉన్న పూలు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త స్కేల్ మీద 36.0, 12.0 తూచి కొత్త లేయర్ పోశాను. మర్నాటికి అద్దంలా గట్టిపడింది.

పోయిన నెల అక్క హైదరాబాద్ వచ్చినప్పుడు చేతికిచ్చి, జరిగిందంతా చెప్పేశాను. కాసేపు తిప్పి తిప్పి చూసింది. “ఎర్రవి లేవేంట్రా” అంది. తర్వాత తనే, “పోన్లే, లిల్లీలు బాగా కనిపిస్తున్నాయి” అని బ్యాగులో పెట్టుకుంది.

మీరు ఇంట్లో ఏం కలుపుతున్నారు, ఏ స్కేల్ వాడుతున్నారు? 20 చుక్కల టెస్ట్ చేసి, నాణెం లేకుండా ఎంత వచ్చిందో, నాణెంతో ఎంత వచ్చిందో మాకు రాయండి.